ఒక్క బాణీని పట్టుకుని వెళ్ళు

చిరంజీవికి ఆశీస్సులు.

అరవైల నాటి అమెరికా సంగీతం మీద నువ్వు రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. పడ్డ శ్రమ కనిపిస్తూనే ఉంది. అయితే ఎలక్ట్రిక్ గిటార్ల రాక్‌కు ఒక భాగం, నల్లజాతీయుల చర్చి పాటల్లోంచి పెరిగిన సోల్‌కు ఒక భాగం, జానపద బాణీల ఫోక్‌కు ఒక భాగం చొప్పున పంచి, ఒక్కోదాని కింద పేర్లూ తేదీలూ పేర్చుకుంటూ పోవడం వల్ల, ఆ మూడూ ఒకదాని ముఖం ఒకటి ఎరగకుండా వేరువేరు ఇళ్ళలో పెరిగినట్టు తోస్తోంది. ఆ పదేళ్ళలో పాట చేతులు మారింది. చేయి మారిన ప్రతిసారీ గొంతూ, వాయిద్యమూ, అర్థమూ మారాయి. కాబట్టి దశాబ్దం మొత్తాన్నీ నెత్తికెత్తుకోకుండా, ఒక్క బాణీని పట్టుకుని అది ఎక్కడికి తీసుకువెళితే అక్కడికి వెళ్ళు.

'నో మోర్ ఆక్షన్ బ్లాక్'తో మొదలుపెట్టమంటాను. మనుషులను వేలం వేసే దిమ్మె మీద ఇక నిలబడేది లేదని, బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతీయులు పాడుకున్న భక్తిగీతం అది. 1962లో న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో, ఇరవై ఏళ్ళ ఫోక్ గాయకుడు బాబ్ డిలన్ ఆ బాణీ ఆధారంగా 'బ్లోయిన్ ఇన్ ద విండ్' కట్టాడు. ఈ సంగతి తరువాతి కాలంలో ఆయనే చెప్పాడు. గ్యాస్‌లైట్ కెఫేలో ఆయన ఆ పాత పాటను కూడా పాడిన రికార్డింగు ఉంది. రెండింటినీ వెంటవెంటనే విను. పాత పాట 'ఇక లేదు' అని తేల్చి చెబుతుంది. కొత్త పాట 'ఇంకెన్నాళ్ళు' అని అడుగుతుంది. వందేళ్ళ కిందట తేలిపోయిందనుకున్న విషయాన్ని మళ్ళీ ప్రశ్నగా అడగవలసి వచ్చిందంటే ఆ దేశం అప్పటికి ఎక్కడ ఆగిపోయి ఉందో నీకు అర్థమవుతుంది. పీటర్, పాల్ అండ్ మేరీ బృందం 1963లో ఈ పాటను ఇంటింటికీ చేర్చింది. ఆగస్టు 28న నల్లజాతీయుల పౌరహక్కుల కోసం వాషింగ్టన్‌లో జరిగిన ఊరేగింపు సభలోనూ పాడింది.

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగు. ఆ పాట విన్నవారిలో శామ్ కుక్ ఉన్నాడు. 'సోల్ స్టిరర్స్' బృందంలో చర్చి పాటలు పాడి, తరువాత ప్రేమగీతాలతో దేశమంతా పేరు తెచ్చుకున్న గాయకుడాయన. తమ వాళ్ళ బాధను అడిగే పాట ఒక తెల్ల కుర్రవాడు రాశాడే, తాను రాయలేదే అని ఆయన కలత చెందాడని జీవితచరిత్రకారులు రాశారు. అదే ఏడాది అక్టోబరులో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో, ముందే గదులు మాట్లాడుకున్న హోటలువాళ్ళు ఆయనను లోపలికి రానివ్వలేదు; గొడవ చేశారన్న నేరం మీద పోలీసులు అరెస్టు కూడా చేశారు. 1964 జనవరి 30న ఆయన 'ఎ చేంజ్ ఈజ్ గాన కమ్' రికార్డు చేశాడు. వయొలిన్లు, ఫ్రెంచ్ హార్న్, టింపనీ అనే పెద్ద డోళ్ళతో రెనే హాల్ కూర్చిన వాద్యసహకారం మీద చర్చిలో పెరిగిన ఆ గొంతు లేస్తుంటే, ఫోక్ పాట అడిగిన ప్రశ్నకు సోల్ జవాబు చెబుతున్నట్టుంటుంది. నా మట్టుకు ఆ దశాబ్దంలో దీన్ని మించిన పాట లేదు.

అందులో ఒక చరణాన్ని ప్రత్యేకంగా గమనించు. సినిమాకు వెళ్ళినా, ఊరి నడిబొడ్డుకు వెళ్ళినా, ఇక్కడ తిరగవద్దని ఎవరో ఒకరు గద్దిస్తూనే ఉంటారని చెప్పే చరణం అది. ఆల్బమ్‌లో ఉంది; రేడియో కోసం తెచ్చిన చిన్న రికార్డు, అంటే సింగిల్‌లో దాన్ని కత్తిరించేశారు. ఆ సింగిల్ విడుదలైన 1964 డిసెంబరు 22 నాటికి కుక్ మరణించి పదకొండు రోజులు. ఆ కాలాన్ని గురించి నువ్వు రాసిన నాలుగు పేరాల కంటే ఆ ఒక్క కత్తిరింపు ఎక్కువ చెబుతుంది.

1966లో పదహారేళ్ళ స్టీవీ వండర్ డిలన్ పాటనే సోల్‌గా పాడి, దాన్ని నల్లజాతి శ్రోతల ఆదరణను లెక్కగట్టే రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి చేర్చాడు. నల్లజాతీయుల బాణీ అలా తిరిగి వాళ్ళ గొంతుకే చేరింది.

ఇక రాక్ సంగతి. 1965 జూలై 25న న్యూపోర్ట్ ఫోక్ ఉత్సవంలో డిలన్ ఎలక్ట్రిక్ గిటార్ పట్టగానే జనమంతా తిరగబడ్డారని రాశావు. అంత తేలిగ్గా తేల్చకు. విద్యుత్ వాయిద్యాలను సహించలేనివారు కొందరు, శబ్దం సరిగా వినబడలేదని అరిచినవారు కొందరు, బ్యాండుతో మూడు పాటలకే ముగించాడని కోపగించినవారు మరికొందరు; అక్కడ ఉన్నవారి సాక్ష్యాలే ఒకదానితో ఒకటి కలవవు. పైగా అదే ఉత్సవంలో పాల్ బటర్‌ఫీల్డ్ బ్లూస్ బ్యాండ్ అప్పటికే ఎలక్ట్రిక్ గిటార్లు మోగించింది. డిలన్ వెనుక డ్రమ్స్ వాయించిన శామ్ లే, బేస్ వాయించిన జెరోమ్ ఆర్నాల్డ్ ఆ బృందంవారే. అంతకు ముందు షికాగోలో, నల్లజాతీయుల విషాదగీతాలైన బ్లూస్ పాడే హౌలిన్ ఉల్ఫ్ దగ్గర వాయించినవారు. ఫోక్ వేదిక మీద రాక్ పుట్టిందని చెప్పుకునే ఆ క్షణానికి లయ పట్టింది బ్లూస్ చేతులే. నీ వ్యాసంలో వాళ్ళిద్దరి పేర్లూ లేవు. పాడినవారిని మాత్రమే కాదు, వెనుక నిలబడి వాయించినవారిని కూడా వెతుకు. ఒక సంగీతం మరొక సంగీతంలోకి దాటిన దారి తరచుగా అక్కడే దొరుకుతుంది.

'విప్లవాత్మకం', 'చరిత్ర సృష్టించింది' వంటి మాటలు తీసేసి, ఆ చోట నీ చెవికి ఏమి వినిపించిందో రాయి. తొందరలేదు. ముందు కుక్ పాట ఆల్బమ్ ప్రతినీ సింగిల్ ప్రతినీ పక్కపక్కన పెట్టుకుని, ఆ చరణం ఉన్నప్పుడు పాట ఎలా నడిచిందో, లేనప్పుడు ఎలా నడిచిందో ఒక పేజీ రాసి పంపు. మిగతా వ్యాసం సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి