ఎక్స్‌పోర్ట్ పెట్టగానే బిగుసుకుపోతోంది

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ మామూలు పనులకు బాగానే ఉంటుంది. వీడియో ఎడిట్ చేసి ఎక్స్‌పోర్ట్ పెట్టిన పది నిమిషాలకు మాత్రం స్క్రీన్ ఉన్నది ఉన్నట్టు ఆగిపోతుంది, మౌస్ కదలదు, పాట వస్తుంటే ఒకే ముక్క గర్రుమంటూ ఉండిపోతుంది. పవర్ బటన్ నొక్కి పట్టుకోవడమే దిక్కు. విండోస్ రెండుసార్లు మళ్లీ వేశాను. ఇదంతా వేడి వల్లేనా?

జవాబు: మూడోసారి వేయకండి, ముందు ఆ పని మానేయండి. వేడి మీద అనుమానం రావడం సహజమే గానీ, ప్రాసెసర్ బాగా కాగితే మొదట తన వేగం తనే తగ్గించుకుంటుంది, అప్పటికీ లొంగకపోతే మిషన్ టప్పున ఆఫ్ అయిపోతుంది. మీది ఆఫ్ కావట్లేదు, బిగుసుకుపోతోంది. అందుకే నా అనుమానం ముందు ర్యామ్ మీద, ఆ తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ మీద.

అయినా వేడి సంగతి తేల్చేసుకోండి. లోపలి వేడిని చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో (HWiNFO) అనే సాఫ్ట్‌వేర్‌లో లాగింగ్, అంటే ఆ అంకెల్ని ఫైల్‌లో రాసుకుంటూ పోవడం, ఆన్ చేసి ఎక్స్‌పోర్ట్ పెట్టండి, బిగుసుకున్నాక ల్యాప్‌టాప్ మళ్లీ ఆన్ చేసి ఆ ఫైల్‌లో చివరి లైను చూడండి. 95 నుంచి 100 డిగ్రీల మధ్య ఉందంటే ఫ్యాన్‌కీ, వేడిని లాగే హీట్‌సింక్ రెక్కలకీ మధ్య దుమ్ము చిన్న దుప్పటిలా పేరుకుని ఉండొచ్చు, అది బయటి నుంచి ఊదితే పోదు, వెనక మూత తీయాల్సిందే. 75 దగ్గరే ఆగిపోయిందా, ప్రాసెసర్ వేడిని మర్చిపోండి.

ర్యామ్‌కి మెమ్‌టెస్ట్86 (MemTest86) అనే పరీక్ష సాఫ్ట్‌వేర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతోనే బూట్ చేసి రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వచ్చినట్టే, "ఒకటే కదా" అని సరిపెట్టుకోవద్దు. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే ఉంచి చూస్తే దొంగ ఎవరో తెలిసిపోతుంది.

విండోస్ తన తప్పుల చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్-పవర్ (Kernel-Power) 41 అని ఎర్రగా కనిపిస్తుంది, అది చూసి అందరూ టెన్షన్ పడతారు. మీరు బటన్ నొక్కి ఆపారు కదా, దాన్నే రాసుకుంది, అంతే. దాని చుట్టుపక్కల హెచ్చరికల్లో WHEA-Logger అని ఉంటే మాత్రం పట్టించుకోండి, అది హార్డ్‌వేర్ పెడుతున్న మొర.

ఇవేవీ తేల్చకపోతే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్, అంటే ఎక్స్‌పోర్ట్ పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే సెట్టింగ్, తీసేసి అదే వీడియో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. టైమ్ ఎక్కువే పడుతుంది, కానీ ఈసారి ఆగకుండా పూర్తయితే గ్రాఫిక్స్ వైపే తేడా ఉన్నట్టు. డ్రైవర్ పూర్తిగా తీసేసి, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కి ఇచ్చినదే వేయండి. అన్నట్టు, ఛార్జర్ దాంతో వచ్చినదేనా? తక్కువ వాట్లది పెడితే మెయిల్ చూసుకున్నంతసేపూ ఏమీ తెలియదు, ఎక్స్‌పోర్ట్ పెట్టాకే బయటపడుతుంది.