విదేశీ క్లబ్బులతో కలిసి పనిచేయడం: మా రోటరీ అనుభవం

మీరు రెండు విషయాలు అడిగారు. రోటరీ లాంటి స్వచ్ఛంద సంస్థ ఇన్ని దేశాలతో సంబంధాలు ఎలా నడుపుతుంది అన్నది ఒకటి. సోంపేట దగ్గర మీరు నడుపుతున్న చిన్న సొసైటీకి కూడా విదేశీ భాగస్వామి దొరికే దారి ఉందా అన్నది రెండోది. వృద్ధులకు ఒక భవనం, బడుల్లో నీళ్లు, మరుగుదొడ్లు మీ ఆలోచనలని కూడా రాశారు. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక రోటరీ క్లబ్ సభ్యుణ్ణి. క్లబ్‌లో ఇంటర్నేషనల్ సర్వీస్ పనులు చూశాను, ఇప్పుడు రోటరీ విరాళాలు, గ్రాంట్ల పని చూసే ఫౌండేషన్ కమిటీలో ఉన్నాను. ఉద్దానం కిడ్నీ రోగుల కోసం ఒక అమెరికన్ క్లబ్‌తో కలిసి ఒక ట్రస్టు ఆసుపత్రికి డయాలసిస్ యంత్రాలు ఇప్పించినప్పుడు ఆ ఫైలు నడిపింది నేనే. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

అందరూ విదేశీ భాగస్వామిని వెతకడమే కష్టం అనుకుంటారు. నా లెక్కలో అసలు కష్టం దొరికిన సంబంధాన్ని నిలబెట్టుకోవడం. ప్రపంచమంతటా రోటరీ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. ఆ రోజున మా క్లబ్ ప్రెసిడెంట్ మారతారు, అమెరికాలో మా భాగస్వామి క్లబ్ ప్రెసిడెంట్ మారతారు, రెండు జిల్లాల గవర్నర్లూ మారతారు. రోటరీ జిల్లా అంటే రెవెన్యూ జిల్లా కాదు. చాలా క్లబ్బులు కలిసిన ప్రాంతం, మాది 3020. ఒక ప్రాజెక్ట్ ఆలోచన నుంచి ఆఖరి రిపోర్టు దాకా రావడానికి ఒక ఏడాది ఎప్పుడూ చాలదు. అంటే మొదలుపెట్టినవాళ్లెవరూ పూర్తయ్యేనాటికి ఆ పదవుల్లో ఉండరు. దీన్ని ముందే గుర్తుపెట్టుకున్న క్లబ్బులే విదేశీ సంబంధాలు నిలుపుకుంటున్నాయి.

ముందు పై స్థాయి సంగతి కాస్త చెబుతాను, ఎందుకంటే కింద మేం చేసేదానికీ దానికీ పోలిక ఉంది. రోటరీ 1905లో చికాగోలో పుట్టింది. ప్రధాన కార్యాలయం ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఎవాన్‌స్టన్‌లో ఉంది, దక్షిణాసియా కార్యాలయం న్యూఢిల్లీలో. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి చార్టర్ రాసుకున్న సమావేశంలో దాదాపు 50 మంది రొటేరియన్లు ప్రతినిధులుగానో సలహాదారులుగానో కూర్చున్నారు. ఇప్పటికీ సమితిలో రోటరీకి సంప్రదింపుల హోదా ఉంది. అయితే రోటరీ భాగస్వామ్యం ఎలా చేస్తుందో తెలుసుకోవాలంటే పోలియో పనిని చూడాలి. 1985లో రోటరీ తన పోలియో నిర్మూలన కార్యక్రమం పోలియోప్లస్‌ను మొదలుపెట్టింది. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, రోటరీ కలిసి ప్రపంచ పోలియో నిర్మూలన కార్యక్రమం పెట్టుకున్నాయి. గేట్స్ ఫౌండేషన్, టీకాల అంతర్జాతీయ కూటమి గావి తర్వాత చేరాయి. ఎవరి పని వాళ్లకుంది. సాంకేతిక నిర్ణయాలు ఆరోగ్య సంస్థవి, టీకాల కొనుగోలు యునిసెఫ్‌ది. నిధులు పోగుచేయడం, ప్రభుత్వాలతో మాట్లాడటం, ఊళ్లలో వాలంటీర్లను నిలబెట్టడం రోటరీ వంతు. పల్స్ పోలియో ఆదివారాల్లో బస్టాండు దగ్గర బూత్‌లో కూర్చున్న మా సీనియర్లెవరూ చుక్కలు ఎన్ని వేయాలో తామే నిర్ణయిస్తామని అనలేదు. మన దేశంలో ఆఖరి వైల్డ్ (సహజంగా వ్యాపించే వైరస్ వల్ల వచ్చే) పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. అంత పెద్ద కూటమి అన్నేళ్లు విడిపోకుండా నిలవడానికి, ఎవరి పరిధి ఎంతో మొదట్లోనే తేల్చుకోవడం ఒక ముఖ్యమైన కారణమని నా నమ్మకం.

ఇక క్లబ్ స్థాయి. రోటరీకి విదేశాంగ శాఖ లాంటిదేమీ లేదు. సంబంధాలన్నీ క్లబ్‌కీ క్లబ్‌కీ మధ్యే. కొన్ని క్లబ్బులు సిస్టర్ క్లబ్ ఒప్పందం చేసుకుంటాయి. రెండు దేశాల జిల్లాలు కలిసి ఇంటర్‌ కంట్రీ కమిటీలు పెట్టుకుంటాయి, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్స్, జర్మనీల మధ్య మొదలైన పద్ధతి ఇది. పిల్లలను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపే యూత్ ఎక్స్‌ఛేంజ్ ఉంది. పెద్ద పనులకు మాత్రం రోటరీ ఫౌండేషన్ ఇచ్చే గ్లోబల్ గ్రాంట్ దారి. దీనికి ప్రాజెక్ట్ జరిగే దేశంలో ఒక క్లబ్, బయటి దేశంలో ఇంకో క్లబ్ తప్పనిసరిగా కలవాలి. బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి. పని రోటరీ పెట్టుకున్న ఏడు రంగాల్లో ఒకదాని కిందికి రావాలి: శాంతి, వ్యాధుల నివారణ-చికిత్స, నీరు-పారిశుద్ధ్యం, తల్లీబిడ్డల ఆరోగ్యం, ప్రాథమిక విద్య-అక్షరాస్యత, జీవనోపాధి, పర్యావరణం.

డబ్బు లెక్క తెలియకపోతే విదేశీ క్లబ్ పాత్ర తెలియదు, అందుకే ఒక ఉదాహరణ. సభ్యులు రోటరీ ఫౌండేషన్ వార్షిక నిధికి ఇచ్చిన దాంట్లో సుమారు సగం మూడేళ్ల తర్వాత తిరిగి వాళ్ల జిల్లాకు వస్తుంది. దాన్ని డీడీఎఫ్ (డిస్ట్రిక్ట్ డెజిగ్నేటెడ్ ఫండ్) అంటారు. మిగతాది ఫౌండేషన్ ఉమ్మడి నిధి అయిన వరల్డ్ ఫండ్‌లో ఉంటుంది. గ్లోబల్ గ్రాంట్‌లో పెట్టిన ప్రతి డాలర్ డీడీఎఫ్‌కూ వరల్డ్ ఫండ్ 80 సెంట్లు కలుపుతుంది. క్లబ్బులు నగదుగా ఇచ్చేదానికి ఈ కలుపు లేదు. మా క్లబ్ 5,000 డాలర్లు నగదు, మా జిల్లా 5,000 డీడీఎఫ్, అవతలి జిల్లా 10,000 డీడీఎఫ్ పెట్టాయనుకోండి. డీడీఎఫ్ 15,000, దానిమీద వరల్డ్ ఫండ్ 12,000, మొత్తం 32,000 అవుతుంది. క్లబ్బులూ జిల్లాలూ పెట్టేదాంట్లో కనీసం 15 శాతం బయటి దేశం నుంచి రావాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే నాటికి ఉన్నవి చూసుకోవాలి. నేను చెప్పదలచుకున్నది వేరే: అవతలివాళ్లు ఇస్తున్నది తమ సభ్యులు మూడేళ్ల కిందట ఫౌండేషన్‌కు ఇచ్చిన చందా. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో వాళ్లు తమ సభ్యులకు జవాబు చెప్పుకోవాలి.

ఇది అర్థం కాకపోతేనే గొడవలు వస్తాయి. మా డయాలసిస్ ప్రాజెక్ట్‌కు అమెరికన్ క్లబ్ నుంచి ప్రశ్నల జాబితా వచ్చినప్పుడు మా వాళ్లలో కొందరికి కోపం వచ్చింది. "మనల్ని నమ్మట్లేదా? మనమేమైనా దొంగలమా?" అన్నారు. ఆ ప్రశ్నలు ఏమిటంటే: టెక్నీషియన్ జీతం ఎవరిస్తారు? ఒక్కో డయాలసిస్‌కు వంద లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీళ్లు కావాలి, ఆ ఆర్‌ఓ ప్లాంటు మెయింటెనెన్స్ ఎవరిది? కరెంటు పోతే? డయలైజర్లు (రక్తం వడపోసే ఫిల్టర్లు), ట్యూబింగ్ ఖర్చు రోగి మీద పడుతుందా, ఆరోగ్యశ్రీ కిందికి వస్తుందా? కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం మండలాల నుంచి రోగి వారానికి రెండు మూడు సార్లు రావాలి కదా, బస్సు సంగతేంటి? ప్రభుత్వం ఇదే పని చేస్తుంటే మీదెందుకు?

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నలే ప్రాజెక్ట్‌ను నిలబెట్టాయి. ఆసుపత్రి ట్రస్టీలతో కూర్చుని నీటి ప్లాంటుకూ సర్వీస్ కాంట్రాక్టుకూ వాళ్లతో రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకున్నాం. యంత్రాలు ఆసుపత్రి పేరునే ఉండాలి. గ్రాంట్‌తో కొన్నది ఏదీ రోటరీ క్లబ్ సొంతం కాకూడదని నియమం. బస్సు ప్రశ్న వచ్చాక రోగుల ఇళ్లకు వెళ్లి అడిగాం. చాలామంది కూలి పోగొట్టుకుని ఒక మనిషిని తోడు తెచ్చుకుంటున్నారని అప్పుడు తెలిసింది. దాంతో షిఫ్టుల టైమింగులు బస్సులకు తగ్గట్టు మార్పించాం. ఆ సర్వే లేకుండా యంత్రాలు పెట్టి రిబ్బన్ కత్తిరించి ఉంటే పొద్దుటి షిఫ్టు ఖాళీగా ఉండేది. ప్రభుత్వం గురించి అడిగిన ప్రశ్న కూడా చిన్నదేం కాదు. 2023 డిసెంబర్‌లో పలాసలో ప్రభుత్వమే కిడ్నీ రీసెర్చ్ సెంటర్‌తో పాటు 200 పడకల ఆసుపత్రి ప్రారంభించింది. ఇవాళ ఉద్దానం మీద కొత్త ప్రాజెక్ట్ రాసేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోకుండా "ఇక్కడ ఏ వసతీ లేదు" అని రాస్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

భాగస్వామితో మాట్లాడే తీరు గురించి కూడా చెప్పాలి. మన దగ్గర ఎదుటివారి మొహం మీద కాదనలేక "అలాగేనండి, చూద్దాం" అంటాం. అవతలివాళ్లు దాన్ని మాటిచ్చినట్టే రాసుకుంటారు. అందుకని జూమ్ కాల్ అయిన మర్నాడే ఎవరు ఏం ఒప్పుకున్నారో, ఎప్పటికల్లానో ఒక మెయిల్ పంపే పద్ధతి పెట్టుకున్నాం. ఆలస్యమైతే ఆలస్యమైందని రాస్తాం, కారణంతో సహా. వానలకు రోడ్డు తెగి యంత్రాలు రావడం ఆలస్యమైతే వాళ్లు ఒక్క మాట అనలేదు. అదే మరో జిల్లాలో నాకు తెలిసిన క్లబ్ ఒకటి నెలల తరబడి మెయిళ్లకు జవాబివ్వక మంచి భాగస్వామిని పోగొట్టుకుంది. వాళ్ల దగ్గర డబ్బు భద్రంగానే ఉంది, పనీ నడుస్తోంది, రాసేవాళ్లే లేరు.

వాళ్లు చూడటానికి వచ్చినప్పుడు మనం దండలు, శాలువాలు, స్టేజీ మీద ఉపన్యాసాలతో సగం రోజు గడిపేస్తాం. మర్యాద చేయాల్సిందే, నేను వద్దనను. కానీ వచ్చినవాళ్లకు కావలసింది వార్డులో కూర్చుని నర్సుతో మాట్లాడటం, రిజిస్టర్ చూడటం. మేం సన్మానం సాయంత్రానికి పెట్టి పొద్దున్నంతా ఆసుపత్రికే వదిలేశాం. రోగుల ఫొటోలు వాళ్ల అనుమతి లేకుండా తీయనివ్వలేదు. దాతలు వచ్చారని మంచం మీద ఉన్న మనిషిని కెమెరా ముందు నిలబెట్టే అలవాటు మన సేవాసంస్థల్లో పోవాలి.

ఇక సంబంధం పదవులతో పాటు పోకుండా ఏం చేస్తామంటే: ప్రాజెక్ట్‌కు రెండు వైపులా ముగ్గురేసి సభ్యుల కమిటీ ఉంటుంది, వాళ్లు జూలై 1న మారరు. జిల్లా ఫౌండేషన్ ఛైర్మన్ పదవి మూడేళ్లది కావడం ఇక్కడ బాగా కలిసొస్తుంది. ఉత్తరాలు వ్యక్తుల సొంత మెయిల్ నుంచి కాకుండా క్లబ్ మెయిల్ నుంచే పోతాయి. కొత్త ప్రెసిడెంట్ పదవి తీసుకోకముందే ఆయన్నో ఆవిడనో అవతలి క్లబ్ కాబోయే ప్రెసిడెంట్‌తో కాల్‌లో మాట్లాడిస్తాం. గ్రాంట్‌కు వేరే బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు. కొటేషన్లు, బిల్లులు స్కాన్ చేసి రెండు క్లబ్బులకూ కనబడేలా ఉంచుతాం. ఏడాదికోసారి రిపోర్టు, పని పూర్తయ్యాక రెండు నెలల్లో ఆఖరి రిపోర్టు ఫౌండేషన్‌కు వెళ్లాలి. ఈ కాగితాల పని ఎవరికీ ఇష్టం ఉండదు, ఫొటోల్లో పడదు. మా క్లబ్‌లో ఆ పని ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఓపిగ్గా చేశారు. రెండో ప్రాజెక్ట్‌కు అమెరికన్ క్లబ్ తనంతట తానే అడిగిందంటే అది ఆయన పుణ్యమే.

అమెరికాలో ఉన్న మనవాళ్ల సంగతి. మాకు ఆ క్లబ్‌ను పరిచయం చేసింది అక్కడ సభ్యుడిగా ఉన్న సిక్కోలు (శ్రీకాకుళం) అబ్బాయే. అలాంటివాళ్లు తలుపు తీస్తారు, చాలా విలువైన సాయం. కానీ మొత్తం సంబంధం ఆయన ఒక్కడి మీదే ఆనుకుంటే, ఆయన ఊరు మారినా ఉద్యోగం మారినా అంతా అక్కడితో ఆగిపోతుంది. అక్కడి క్లబ్‌లో తెలుగు రాని ఇద్దరు ముగ్గురికి మన పని మీద మక్కువ కలిగేదాకా ప్రయత్నం ఆపవద్దు.

మీ సొసైటీ విషయం. విదేశీ డబ్బు నేరుగా మీ ఖాతాలో పడాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి సాధారణంగా మూడేళ్ల పని, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాల మీద కనీసం 15 లక్షల ఖర్చు చూపించాలి. 2020 సవరణ తర్వాత డబ్బు మొదట ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాకే రావాలి, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, వచ్చిన సొమ్మును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. ఏటా డిసెంబర్ 31 లోపు విదేశీ విరాళాల లెక్కలు చూపే ఎఫ్‌సీ-4 రిటర్న్ వేయాలి. చాలామంది పొరబడే చోటు ఇంకొకటుంది: విదేశంలో ఉన్న బంధువుకు భారత పాస్‌పోర్టే ఉండి తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఆయన అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే అవుతుంది. "మా బావే కదా" అని తీసుకుంటే చిక్కుల్లో పడతారు. పెద్ద మొత్తమైతే ముందు ఆడిటర్‌ను అడగండి.

ఈ రిజిస్ట్రేషన్ లేకుండా కూడా మీరు విదేశీ భాగస్వామ్యంలో ఉండొచ్చు. రోటరీ గ్రాంట్‌లో స్థానిక సంస్థను సహకార సంస్థగా చేర్చుకుని ఎమ్ఓయూ (పరస్పర అవగాహన పత్రం) రాసుకునే వీలుంది. డబ్బు మీ చేతికి రాదు, సరఫరాదారుకు క్లబ్ నేరుగా చెల్లిస్తుంది. ఊళ్లో మనుషులను కూడగట్టడం, శిక్షణ, తర్వాత నిర్వహణ మీవి. మీరు రాసిన వృద్ధుల భవనం మాత్రం ఈ దారిలో రాదు. మనుషులు నివసించే, పనిచేసే కొత్త కట్టడాలను గ్లోబల్ గ్రాంట్ సాధారణంగా ఒప్పుకోదు. మీరు చెప్పిన రెండోది, బడుల్లో తాగునీళ్లు, మరుగుదొడ్లు, చేతులు కడిగే చోటు, బాగా సరిపోతుంది. ముందు ఓ నాలుగైదు బడుల్లో టీచర్లను, తల్లులను, పిల్లలను అడిగి ఏం లేదో, ఉన్నది ఎందుకు పాడైందో, బాగుచేస్తే ఎవరు చూసుకుంటారో రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని మీకు దగ్గర్లోని రోటరీ క్లబ్‌కు వెళ్లి ఇప్పటి ప్రెసిడెంట్‌నూ వచ్చే ఏటి ప్రెసిడెంట్‌నూ ఇద్దరినీ కలవండి. మేం ఆసుపత్రి ప్రాజెక్ట్‌కు వాడిన సర్వే ప్రశ్నలు తెలుగులోనే ఉన్నాయి. అడిగితే బడులకు తగ్గట్టు మార్చి రాసిస్తాను.