పుండ్ల చికిత్స ట్రయల్ నాణ్యతను ఎలా అంచనా వేయాలి?

లాటరీ వేసి రోగులను రెండు గుంపులు చేశామని రాసినంత మాత్రాన సరిపోదు. తర్వాతి పేరు ఏ గుంపులో పడుతుందో చేర్చుకునే డాక్టరుకు ముందే తెలిస్తే, మొండి పుండ్లన్నీ ఒకవైపే చేరిపోవచ్చు. నేను మొదట చూసేది అదే.

2008లో న్యూజిలాండ్‌లో సిరల జబ్బుతో కాలి పుండ్లు పడ్డ 368 మంది మీద తేనె పట్టీల ట్రయల్ ఫలితాలు వచ్చాయి. రెండు గుంపులకూ బిగుతు కట్టు ఒకేలా కట్టారు, కాబట్టి తేడా వస్తే అది పట్టీదే. పన్నెండు వారాలకు తేనె గుంపులో 55.6 శాతం, మామూలు పట్టీల గుంపులో 49.7 శాతం మందికి మానింది. ఆ కాస్త తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. తేనె వాసన, జిగురు దాచలేం కాబట్టి ఏ పట్టీయో అందరికీ తెలుసు. ఇలాంటి చోట మానిందో లేదో ఫొటో చూసి తేల్చే మనిషికైనా అది తెలియకూడదు.

ఇంకా చూడండి: మొదట్లో పుండ్ల సైజు, వయసు రెండువైపులా సమానమా? మధ్యలో మానేసినవాళ్లను లెక్కలో ఉంచారా? ఒకే మనిషి కాలి మీది మూడు పుండ్లను ముగ్గురు రోగులుగా లెక్కేశారంటే ఆ పేపర్ పక్కన పెట్టేయొచ్చు. ‘సైజు తగ్గింది’ అనే కొలత కంటే ‘పూర్తిగా మానింది’ అన్నదాన్నే నమ్ముతాను.