నారాలో ఒక్క రోజు: తవుడు బిస్కెట్లు, తేనీటి జావ

ప్రశ్న: మా అబ్బాయి జపానులో, ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల మేమిద్దరం వెళ్తున్నాం. ఒకరోజు దగ్గర్లోని నారా ఊరు చూపిస్తానంటున్నాడు. మేము చేప కూడా ముట్టం. మా వారికి మోకాళ్ల నొప్పులు. ఏం చూడాలి, ఏం తినాలి?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: పది చోట్ల జాబితా రాసుకోవద్దని ముందుగా మీ అబ్బాయికి చెప్పండి. కిందటేడు మా అమ్మాయి అలాగే రాసుకొస్తే ఏడింటిని నేనే కొట్టేయించాను. ఒసాకా నంబాలో కింటెట్సు రైలు ఎక్కితే మధ్యలో మారకుండా సుమారు 40 నిమిషాల్లో నారా చేరతారు. అక్కడి జేఆర్ అనే ఇంకో రైలు సంస్థ స్టేషన్ కంటే కింటెట్సు స్టేషనే గుళ్లకు దగ్గర. ఆ తేడా మీ వారి మోకాళ్లకు తెలుస్తుంది.

కాస్త నడవగానే జింకలు కనిపిస్తాయి. వెయ్యికి పైగా ఉన్నాయి, కంచె లేదు, కట్టు లేదు. అవి అక్కడి కసుగా గుడి దేవుడి దూతలని అక్కడివారి నమ్మకం. వాటికి పెట్టే బిస్కెట్ల కట్ట 200 యెన్‌లు. తవుడు, గోధుమపిండి కలిపి చేస్తారు. రైసుమిల్లుల ఊరి నుంచి వచ్చి తవుడు కొనడమా అని మీ వారు గొణుగుతారేమో, అయినా కొనండి. బిస్కెట్ చూపిస్తే జింక తల వంచి నమస్కారం పెడుతుంది. మరీ ఊరిస్తే కొరుకుతుంది. నేను ఫొటో కోసం ఆలస్యం చేశాను. ఈలోగా వెనక నుంచి ఇంకొకటి వచ్చి నా పోచంపల్లి చీర కొంగు నమలసాగింది. లాక్కునేసరికి అంచు తడిసి ముద్దయింది. మీరు చుడీదారు వేసుకోండి. బిస్కెట్లు అయిపోగానే ఖాళీ చేతులు చూపిస్తే వెళ్లిపోతాయి.

ఒక్కటే చూడగలిగితే తోదాయ్‌జి గుడి చూడండి. కూర్చున్న కంచు బుద్ధుడు దాదాపు 15 మీటర్ల ఎత్తు. 752లో ఆయనకు కళ్లు దిద్దింది మన దేశం నుంచి వెళ్లిన బౌద్ధ భిక్షువు బోధిసేనుడు. కుంచెకు పొడవాటి దారాలు కట్టి, వచ్చినవారు వాటిని పట్టుకున్నారట, ఆ పుణ్యంలో తమకూ వాటా దక్కాలని. ఇప్పటి చెక్క మందిరం 1709 నాటిది. పాతది ఇంతకన్నా పెద్దదట! చుట్టాలొస్తే మనం లాంచీ ఎక్కించి నాగార్జునకొండ చూపిస్తాం కదా, ఆ నాగార్జునాచార్యుణ్ణి జపాను బౌద్ధులు ర్యూజు అని కొలుస్తారు. సాగర్ నీళ్లు తాగి పెరిగిన నాకు ఆ సంగతి అక్కడ తెలిసింది. కసుగా గుడి లాంతర్లు బాగుంటాయిగానీ దారి ఎక్కుడు. మానేయండి.

తిండి దగ్గరే జాగ్రత్త. ఒక హోటల్లో కూరగాయల నూడుల్స్ సగం తిన్నాక తెలిసింది, ఆ చారు ఎండు చేప తురుముతో కాచారని. దాన్ని దషి అంటారు. మాంసం లేదన్నంత మాత్రాన నమ్మకండి, దషి ఉందా అని అబ్బాయిచేత అడిగించండి. నాకు నచ్చింది చాగయు, వేయించిన తేయాకు నీళ్లలో ఉడికిన పల్చటి అన్నం జావ. మొదటి చెంచా చప్పగా ఉంది. నాలుగో చెంచాకి, జ్వరం తగ్గిన రోజు అమ్మ పోసిన గంజి గుర్తొచ్చింది. పక్కన పెట్టే నారాజుకే ఊరగాయను మాత్రం బియ్యపు మద్యం పిప్పిలో ఊరబెడతారు. నేను సంచిలోంచి ఉసిరికాయ తొక్కు తీశాను, ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం సంజో వీధి వైపు ఆకుపచ్చ మోచీ తినండి, అంటే జిగురు బియ్యపు అన్నాన్ని దంచి చేసే ముద్ద. ఒకరు బరువైన చెక్క సుత్తితో దంచుతుంటే, ఇంకొకరు దెబ్బకూ దెబ్బకూ మధ్య చెయ్యి పెట్టి ముద్ద తిప్పుతారు. వేళ్లు పోతాయని నేను కళ్లు మూసుకున్నాను. అందులో కలిపేది మన వినాయక చవితి మాచిపత్రి జాతి ఆకే. లోపల ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద, పైన వేయించిన సోయాపిండి. వేడిగా ఉన్నప్పుడే తినాలి. బాగా సాగుతుంది, గొంతుకు అడ్డుపడకుండా మీ వారికి చిన్న ముక్కలు చేసి ఇవ్వండి.