పెళ్లి వీడియో ముందు డాల్బీ లోగో పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు, అరండల్‌పేట. మా అక్క కూతురి పెళ్లి వీడియో నేనే ఎడిట్ చేస్తున్నాను. థియేటర్లో వేసినట్టు మొదట సౌండ్ సిస్టమ్ కంపెనీల (డాల్బీ లేదా డీటీఎస్) లోగో ట్రైలర్ పెట్టి, హోమ్ థియేటర్‌లో బంధువులకు చూపించాలని సరదా. విజయవాడ గాంధీనగర్‌లో థియేటర్ ఆపరేటర్‌గా చేసే స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో వేసిస్తానన్నాడు. తర్వాత యూట్యూబ్‌లో పెడదామనుకుంటున్నాం. తెలిసినవాళ్లు డబ్బులిస్తాం, మాకూ అలాగే చేసిపెట్టమంటున్నారు. పది సెకన్లలోపు వాడితే తప్పు లేదనీ, పెళ్లి వీడియోలకు కాపీరైట్ ఉండదనీ విన్నాను. నిజమేనా లాయర్ గారూ?

జవాబు: రెండూ నిజం కాదు. అయినా మీ సరదా తీరే దారి ఉంది.

పది సెకన్ల మాట ఎవరు పుట్టించారో గానీ, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లందరి నోటా అదే. 1957 కాపీరైట్ చట్టంలో సెకన్ల లెక్క ఎక్కడా లేదు. పైగా ఈ లోగో ట్రైలర్ మొత్తం నిడివే అర నిమిషం అటూఇటూ. మూడు గంటల సినిమాలోంచి పది సెకన్లు తీసుకోవడం, అర నిమిషం ముక్కలోంచి పది సెకన్లు తీసుకోవడం ఒకటి కాదు కదా. ఎంత చిన్నదైనా చట్టం లెక్కలో అది ఒక సినిమాయే. దాని శబ్దం విడిగా సౌండ్ రికార్డింగ్. రెండింటికీ 60 ఏళ్ల రక్షణ ఉంది. 1983లో థియేటర్లలో మొదట వినిపించిన, థియేటర్ శబ్ద నాణ్యతకు ముద్ర వేసే టీహెచ్‌ఎక్స్ వారి ‘డీప్ నోట్’ ఉందే, గుండెల్లోంచి లేచినట్టుండే ఆ మోత, దాని మీద హక్కు మన దేశంలో 2043 చివరి దాకా నడుస్తుంది. విదేశీ కంపెనీ అనుకుని తేలిగ్గా తీసుకోకండి, 1999 నాటి అంతర్జాతీయ కాపీరైట్ ఉత్తర్వు వల్ల వాళ్ల కృతులకూ ఇక్కడ రక్షణ ఉంది.

పెళ్లి మినహాయింపు అనే మాట సెక్షన్ 52(1)(జెడ్ఏ) నుంచి వచ్చింది. అది పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాట వినిపించడానికి ఇచ్చిన వెసులుబాటు. ఆ పాటనో, ఈ లోగోనో వీడియోలో అతికించడానికి ఇచ్చింది కాదు.

మీకు పనికొచ్చేది సెక్షన్ 52(1)(ఎ). సొంత వాడకానికి న్యాయంగా వాడుకుంటే ఉల్లంఘన కాదంటుంది. 2012 సవరణకు ముందు ఈ వెసులుబాటు సినిమాలకు, సౌండ్ రికార్డింగులకు లేదు, ఇప్పుడుంది. కాబట్టి మీ హాల్లో మేనమామలూ పిన్నమ్మలూ కూర్చుని చూసేంతవరకు భయపడాల్సిన పని లేదు.

పెన్‌డ్రైవ్ సంగతి వేరు. థియేటర్‌కు ఆ ట్రైలర్ ఇచ్చింది తెర మీద వేయడానికి, ఆపరేటర్ బయటికి పంచడానికి కాదు. మీ ఇంటి వాడకాన్ని నేను కోర్టులో సమర్థించగలను గానీ, మీ స్నేహితుడి పనిని సమర్థించడం కష్టం. ఉద్యోగానికే ఎసరు రావచ్చు. అయినా థియేటర్లకు వచ్చే డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్ల కోసం చేసే డిజిటల్ సినిమా) ఫైలును మామూలు టీవీ గుర్తుపట్టదు, మళ్లీ మార్చుకోవాలి. పోనీ డిస్కు కొని, దానికున్న డిజిటల్ తాళం తీసి కాపీ చేద్దామంటే, ఉల్లంఘన ఉద్దేశంతో అలాంటి తాళాలు తీయడాన్ని నేరమనే సెక్షన్ 65ఎ అడ్డురావచ్చు. అంత తంటా ఎందుకు? కంపెనీలే తమ అధికారిక ఛానెళ్లలో పెట్టిన ట్రైలర్‌ను ముందు ప్లే చేయండి, అది అయిపోగానే మీ వీడియో నొక్కండి. ఎడిట్‌లో కలపాల్సిన పనే లేదు, చూసేవాళ్లకు తేడా తెలియదు.

యూట్యూబ్‌లో పెడితే అది సొంత వాడకం కాదు. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానెలే పోతుంది. అన్నట్టు, వీడియోలో సినిమా పాటలెన్ని ఉన్నాయో మీరు రాయలేదు. లోగో కంటే ముందు పట్టుబడేవి అవే.

ఇక డబ్బు. ఇక్కడే నేను గట్టిగా వద్దంటాను. తెలిసి చేసిన ఉల్లంఘనకు సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. లాభం కోసం చేయని సందర్భంలో జడ్జి ప్రత్యేక కారణాలు రాసి తగ్గించవచ్చు. మీరు డబ్బు పుచ్చుకుంటే ఆ దారి మూసుకుంటుంది. ఇది కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా రాని) నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది కూడా.

అంతటితో అయిపోలేదు. డాల్బీ గుర్తు అలంకారం కాదు, ఈ శబ్దం ఫలానా పద్ధతిలో తయారైందని చెప్పే ట్రేడ్‌మార్క్. కెమెరా మైకులో పడిన మామూలు స్టీరియోకి అట్మాస్ (చుట్టూ, పైనుంచీ శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి) బొమ్మ తగిలించి అమ్మితే, 1999 ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 103 కింద తప్పుడు వివరణ ఇచ్చారన్న కేసుకూ చోటుంటుంది. కాపీరైట్‌కు గడువైనా ఉంది, ట్రేడ్‌మార్క్‌ను పదేళ్లకోసారి రెన్యువల్ చేసుకుంటూ పోతే గడువే ఉండదు.

గిరాకీ వదులుకోలేనంటే మీ సొంత లోగో చేసుకోండి. సన్నగా మొదలై హాలంతా నిండే మోత అన్న ఆలోచన ఎవరి సొత్తూ కాదు. వాళ్ల స్వరాలను అచ్చుగుద్దినట్టు దించితే చిక్కు. నన్నడిగితే తాళి కట్టేటప్పటి గట్టిమేళానికి మించిన ట్రైలర్ ఏముంది? మీ పెళ్లిలో రికార్డయ్యే ఉంటుంది, దాన్నే హోమ్ థియేటర్ స్పీకర్లన్నిటికీ పంచండి. వాయించినవారికీ చట్టంలో హక్కులున్నాయి కాబట్టి, ఊళ్లోవాళ్లకు అమ్మే వీడియోల్లో వాడేముందు సన్నాయి మేళం వారిని అడిగి, ఒక కాగితం మీద సంతకం తీసుకోండి.