పాటలో పాప చెప్పిన మాట పోలీసులకు చెప్పాలా?

ప్రశ్న: నేను పిల్లల థెరపీ సెంటర్‌లో మ్యూజిక్ థెరపిస్టుని. కర్ణాటక సంగీతం నేర్చుకుని, తర్వాత మ్యూజిక్ థెరపీలో పీజీ డిప్లొమా చేశాను. మాటలు బాగా తగ్గించేసి స్కూలుకి వెళ్లనంటున్న 13 ఏళ్ల పాపను సైకాలజిస్టు నా దగ్గరికి పంపారు. మా సెషన్లలో పిల్లలే సొంతంగా పాట కడతారు, నేను ట్యూన్‌కి సాయం చేస్తాను. మొన్న ఆ పాప కట్టిన పాటలో 'తలుపు కిర్రుమంటే నేను దిండునైపోతా, ఊపిరి కూడా దాచేస్తా' అని వచ్చింది. నేనేమీ అడగలేదు. తనే, 'ఇది బాబాయి వచ్చినప్పటి పాట. రాత్రి నా గదిలోకి వస్తాడు, నాకు నచ్చదు. అమ్మకి చెప్పకండి' అంది. సెంటర్ ఓనర్‌కి చెబితే ఇంటి విషయం మనకెందుకు, సెంటర్ పేరు పోతుంది అన్నారు. పైగా ఆ పాట వీడియో ఇన్‌స్టాగ్రామ్‌లో పెడదామంటున్నారు, అడ్మిషన్ ఫారంలో తల్లి సంతకం ఉందట. ఇక్కడ చెప్పేవన్నీ రహస్యంగా ఉంటాయని మొదటి రోజే పాపకి మాటిచ్చాను. డాక్టర్లకున్నట్టు నాకు లైసెన్స్ కూడా లేదు. నేను పొరపడితే ఆ బాబాయి పరువు నష్టం కేసు వేస్తాడేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: పాపని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి మీ ఉత్తరాన్ని వేస్తున్నాం. మీకు చెప్పాల్సింది ఉత్తరం అందిన రోజే మెయిల్‌లో రాశాను. ఇదే చిక్కు మిగతా థెరపిస్టులకీ, ట్యూషన్ టీచర్లకీ, డ్యాన్స్ మాస్టర్లకీ వస్తుంది కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

ముందు అసలు మాట. పోలీసులకు తెలియజేయాలి, అదీ ఆలస్యం చేయకుండా. పోక్సో చట్టం, 2012లోని 19వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం కలిగినా, ఆ సంగతి స్థానిక పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. అక్కడ రాసింది 'ఏ వ్యక్తి అయినా' అని. డాక్టరా, రిజిస్టరైన థెరపిస్టా, పక్కింటావిడా అన్న తేడా చట్టం పెట్టలేదు. కాబట్టి లైసెన్స్ లేదన్న బెంగ ఈ విషయంలో అక్కర్లేదు. పునరావాస రంగ నిపుణుల్ని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్. అది రిజిస్టర్ చేసే వర్గాల్లో క్లినికల్ సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు ఉన్నారు, మ్యూజిక్ థెరపిస్టులు లేరు. అది మీ వృత్తికి సంబంధించిన లోటే గానీ, ఈ బాధ్యత నుంచి మిమ్మల్ని తప్పించేది మాత్రం కాదు.

ఓనర్‌కి చెప్పేశాను కదా, నా పని అయిపోయింది అనుకోవద్దు. చట్టం చెప్పమన్నది పోలీసులకి. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. తన కింద పనిచేసేవారికి సంబంధించిన నేరాన్ని సంస్థను నడిపేవారు దాస్తే వాళ్లకి ఏడాది వరకు జైలు, జరిమానా అని అదే సెక్షన్‌లో విడిగా ఉంది. మీ కేసులో అనుమానం బాబాయి మీద కాబట్టి ఓనర్‌కి ఆ రెండోది వర్తించదు, కానీ మీ నోట విన్నాక ఆయనా 'ఏ వ్యక్తి అయినా' కిందికే వస్తారు. ఈ మాట ఆయనకి మెత్తగానే చెప్పండి, వాట్సాప్‌లో కాకుండా ఒక చిన్న మెయిల్‌గా రాసి పంపండి, రేపు ఎవరు ఎప్పుడు ఏమన్నారన్న ప్రశ్న వస్తే మీ దగ్గర కాగితం ఉంటుంది.

ఇక మీరు నిజంగా నలిగిపోతున్న చోటుకి వద్దాం. పాట పాటే కదా, పిల్లలు ఏవేవో ఊహించి రాస్తారు, దాన్ని పట్టుకుని స్టేషన్‌కి వెళ్లడమేంటి అని మీకే అనిపిస్తోంది. ఆ సందేహం న్యాయమైనదే. 2018లో టెస్సీ జోస్ కేసులో సుప్రీంకోర్టు, నేరం సంగతి నిజంగా తెలిసి ఉండాలి గానీ, పరిస్థితుల్ని బట్టి ఊహించుకుని, ఆరా తీసి తెలుసుకోవాల్సిన బాధ్యత 19వ సెక్షన్ పెట్టలేదని చెప్పి, నేరం సంగతి చెప్పలేదని డాక్టర్ల మీద పెట్టిన కేసు కొట్టేసింది. అదే సుప్రీంకోర్టు 2022 నవంబరు 2న, మహారాష్ట్రలోని రాజురాలో గిరిజన బాలికల హాస్టల్ పిల్లలకి వైద్యం చేసిన డాక్టర్ మీద, విషయం తెలిసీ చెప్పలేదన్న ఆరోపణతో పెట్టిన కేసుని హైకోర్టు కొట్టేస్తే, ఆ తీర్పుని రద్దు చేసి కేసు నడవాల్సిందే అంది. తెలిసీ వెంటనే చెప్పకపోవడం తీవ్రమైన నేరమనీ, చాలాసార్లు అది నేరం చేసినవాళ్లని కాపాడే ప్రయత్నమేననీ కోర్టు రాసింది. ఈ రెండూ కలిపి చదివితే మీ దారి తేలుతుంది. దిండు, తలుపు, ఊపిరి అన్న పదాలు మాత్రమే ఉండి ఉంటే, పోలీసుల దగ్గరికి వెళ్లకముందు మీ సూపర్‌వైజర్‌తోనూ, పాపని పంపిన సైకాలజిస్టుతోనూ మాట్లాడమనేవాణ్ణి. కానీ పాట ఆగాక పాప మామూలు మాటల్లో మనిషిని చెప్పింది, వేళ చెప్పింది, చోటు చెప్పింది, తనకి నచ్చదని చెప్పింది. ఆ మనిషి ఇంకా ఆ ఇంటికి వస్తూనే ఉన్నాడు. జరగబోతుందన్న భయం కలగడానికి ఇంతకంటే ఏం కావాలి? నేరం జరిగిందో లేదో తేల్చడం దర్యాప్తు అధికారి పని, మీది కాదు.

అందుకే ఒకటి గట్టిగా చెబుతున్నాను, పాపని మళ్లీ కూర్చోబెట్టి ఆరా తీయకండి. 'బాబాయి ఏం చేశాడు, ఎక్కడ ముట్టుకున్నాడు' లాంటి ప్రశ్నలు వద్దు, అదే పాట మళ్లీ పాడించి ఇంకో చరణం రాబట్టడం అసలే వద్దు. మంచి మనసుతో వేసిన అలాంటి ప్రశ్నలే తర్వాత కోర్టులో 'ఆ మాటలు టీచరే పలికించింది' అనడానికి డిఫెన్స్ లాయర్‌కి పనికొస్తాయి. అంతకంటే ముఖ్యంగా పాప అదే బాధని మళ్లీ మళ్లీ చెప్పుకోవాల్సి వస్తుంది.

రహస్యంగా ఉంచుతానని మాటిచ్చారు కదా, దాని సంగతి. మన సాక్ష్య చట్టంలో లాయర్‌కి క్లయింటు చెప్పిన మాటకి రక్షణ ఉంది, ఇప్పుడది భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132వ సెక్షన్. థెరపిస్టుకి అలాంటి రక్షణ ఏదీ లేదు, కోర్టు పిలిస్తే మీరు చెప్పాల్సిందే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ వైద్య సిబ్బంది గోప్యత పాటించాలంటుంది, కానీ ఎప్పుడు బయటపెట్టవచ్చో అందులోనే మినహాయింపులు రాసి ఉన్నాయి. పోక్సో 42ఎ సెక్షన్ ప్రకారం వేరే చట్టంతో పొసగని చోట పోక్సోదే పైచేయి. అంటే మీరిచ్చిన మాట, మాటగా ఎంత మంచిదైనా, ఈ విషయంలో మిమ్మల్ని కట్టిపడేయదు.

ఆ మాట తప్పుతున్నానన్న బాధ మీకుంటుంది, ఉండాలి కూడా, ఎందుకంటే ఆ పిల్ల నమ్మింది మిమ్మల్నే. అందుకే స్టేషన్‌కి వెళ్లేముందు వీలైతే పాపకే చెప్పండి. 'నువ్వు చెప్పింది నాకు చెప్పడం మంచి పని. తప్పు నీది కాదు. నిన్ను కాపాడే పని నా ఒక్కదాని వల్ల కాదు, అందుకని కొందరు పెద్దవాళ్లకి చెబుతున్నాను' అంటే చాలు, ఇంతకుమించి హామీలివ్వకండి. బాబాయిని జైల్లో పెడతారనో, అమ్మకి అసలు తెలియదనో మాత్రం అనొద్దు. ఇక మీదట కొత్తగా వచ్చే ప్రతి పిల్లకీ మొదటి రోజే 'నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం నేను ఒకరికి చెప్పాల్సి వస్తుంది' అన్న ముక్క చేర్చండి.

తల్లికి ముందు చెప్పాలా? ఆమె అనుమతి తీసుకోవాలని చట్టంలో లేదు. ఆ బాబాయికీ ఆ కుటుంబానికీ ఉన్న సంబంధం ఏంటో, అతని మీద వాళ్లు ఎంత ఆధారపడి ఉన్నారో మీకు తెలియదు. ఫోన్ చేసి చెప్పేస్తే రాత్రికి రాత్రి పాప నోరు నొక్కేసే అవకాశం ఉంది, లేదా ఆ తల్లే గుండె రాయి చేసుకుని మీ కంటే ముందు స్టేషన్‌కి రావచ్చు. ఏది జరుగుతుందో ఊహించలేం. నేనైతే ముందు 1098కి, అంటే చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, తల్లికి ఎవరు, ఎలా చెప్పాలన్నది పోలీసులు, పిల్లల రక్షణ చూసే చైల్డ్ వెల్ఫేర్ కమిటీ వాళ్లతో కలిసి నిర్ణయించుకోమంటాను. తెలంగాణలో ఉంటే బాధిత మహిళలకీ, పిల్లలకీ సాయం చేసే దగ్గర్లోని భరోసా కేంద్రానికి వెళ్లినా దారి చూపిస్తారు.

స్టేషన్‌లో ఏం జరుగుతుందంటే, మీరు చెప్పింది రాసుకుని, నంబర్ వేసి, మీకు చదివి వినిపించాలి. 24 గంటల్లోగా చైల్డ్ వెల్ఫేర్ కమిటీకీ, ప్రత్యేక కోర్టుకీ తెలియజేయాలి. పాప వాంగ్మూలం తన ఇంట్లోనో, తనకి నచ్చిన చోటనో తీసుకోవాలి, సాధ్యమైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, అదీ యూనిఫాం లేకుండా రావాలి. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. 26వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులు గానీ, పాప నమ్మే ఇంకెవరైనా గానీ పక్కన ఉండాలి. ఆ మనిషి మీరే కావచ్చు. అందుకే ఇప్పుడు సెషన్లు ఆపేయొద్దు. జరిగినదాని జోలికి పోకుండా, తనకి ఇష్టమైన పాటలతో, తబలాతోనో కీబోర్డుతోనో మామూలుగా నడపండి.

పరువు నష్టం భయం గురించి. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద సివిల్ గానీ, క్రిమినల్ గానీ ఏ బాధ్యతా ఉండదని 19వ సెక్షన్ ఏడో ఉపవిభాగంలోనే ఉంది. తప్పుడు ఫిర్యాదుకి శిక్ష వేసే 22వ సెక్షన్ వర్తించేది అవమానించాలనో, బెదిరించాలనో, డబ్బు గుంజాలనో కావాలని అబద్ధం చెప్పినవారికి. మీరు విన్నది విన్నట్టు చెబితే ఆ భయం వద్దు. ఊరంతా చెప్పుకుంటే మాత్రం ఆ రక్షణ మీకు దొరకదు.

మీ నోట్స్ చాలా విలువైనవి, కాబట్టి ఈ రోజే కూర్చుని రాయండి. తేదీ, సమయం, గదిలో ఎవరున్నారు, ఏ మాట తర్వాత ఏ మాట వచ్చింది, పాప అన్న పదాలు యథాతథంగా. మీకేమనిపించిందన్నది విడిగా కింద రాసుకోండి. మీ వృత్తివాళ్లకి ఒక అలవాటుంది, స్వరం కిందకి జారింది కాబట్టి భయం, తాళం తప్పింది కాబట్టి ఆందోళన అని రాసేస్తారు, అది క్లినిక్‌లో మీ చికిత్సకి పనికొస్తుందేమో గానీ కోర్టులో సాక్ష్యంగా నిలబడదు. నిలబడేది 'బాబాయి, రాత్రి, నా గది, నచ్చదు' అన్న నాలుగు మాటలు. రికార్డింగ్ ఉన్న ఫోన్‌లోంచి దాన్ని చెరపకండి, కట్ చేయకండి, ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. కోర్టు దాన్ని చూడాలంటే ఎలక్ట్రానిక్ రికార్డుకి జతచేసే సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, అది ఎలా ఇవ్వాలో దర్యాప్తు అధికారి చెబుతారు.

ఇన్‌స్టాగ్రామ్ వీడియో పెట్టడానికి వీల్లేదు. బాధిత పిల్లల పేరు, ముఖం, స్కూలు, ఇల్లు, గుర్తుపట్టే ఏ వివరమైనా మీడియాలో రాకుండా పోక్సో 23వ సెక్షన్ ఆపుతుంది, భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కూడా బాధితుల పేరు బయటపెట్టడాన్ని శిక్షిస్తుంది. ఇంత ఘోరమైన సంగతి లేని మామూలు పాప వీడియో అయినా అడ్మిషన్ రోజు పెట్టిన సంతకం చాలదు. చికిత్సకి ఒప్పుకోవడం వేరు, ప్రచారానికి ఒప్పుకోవడం వేరు. ఒక పనికి ఇచ్చిన సమ్మతి ఇంకో పనికి చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఆపరేషన్ విషయంలో స్పష్టంగా చెప్పింది, ఆ సూత్రం ఇక్కడా పనికొస్తుంది. ఇంకో సంగతి కూడా ఓనర్‌కి చెప్పండి, ఆ సాహిత్యం, పాప కట్టినంత వరకు ఆ ట్యూన్ కాపీరైట్ చట్టం ప్రకారం పాపవే, సెంటర్ ఆస్తి కావు.

అమ్మా, ఇవన్నీ చదివి రేపు చూద్దాం అనుకోకండి. స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి, ఆ నంబర్ తీసుకోండి. మా పరిధి కాదంటే, భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చని చెప్పండి. అయినా తీసుకోకపోతే అదే కాగితాన్ని ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, నకలు చైల్డ్ వెల్ఫేర్ కమిటీకి ఇచ్చి, ఆ రసీదులు మీ దగ్గర పెట్టుకోండి.