'రారాదు' అంటే రమ్మనే

ప్రశ్న: మాది తెనాలి. నాకు 27 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం పెళ్లయి మిర్యాలగూడ దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాను. ఇద్దరం హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాం, నెలకు రెండుసార్లు ఊరికి వెళ్తాం. అక్కడ అందరూ అందర్నీ 'నువ్వు' అనే అంటారు. మా అమ్మ వస్తే 'మీ అమ్మ ఒచ్చింది' అన్నారు. తోడికోడలు నన్ను 'ఏందే' అని పిలుస్తుంది. మామగారు మా నాన్నను నలుగురి ముందు 'నువ్వు కూసో బావా' అన్నారు, పైగా ఎదురుగా కల్లు లోటా పెట్టారు. మొన్న ఫోన్ చేసి 'దసరాకు రారాదు బావా' అన్నారట. రావద్దన్నారని నాన్న మూడు రోజులు నాతో కూడా సరిగా మాట్లాడలేదు. నేను మాత్రం ఇంతవరకు అత్తయ్యగారితో 'అండి' లేకుండా మాట్లాడలేదు. అయినా ఆవిడ పక్కింటావిడతో 'మా కోడలు మమ్మల్ని బయటోళ్ల లెక్క చూస్తది' అన్నారు. మావారిని అడిగితే 'అడ్జస్ట్ అవ్వు' అంటారు. ఇది అక్కడి పద్ధతా, నన్ను చులకన చేయడమా?

జవాబు: ముందు ఆ ఫోన్ సంగతి తేల్చుకుందాం, పండగ దగ్గరికొచ్చింది. మీ మామగారు మీ నాన్నను రావద్దనలేదు. రమ్మని బతిమిలాడారు. నల్లగొండలో 'రారాదు' అంటే రావచ్చు కదా అని, 'తినరాదు' అంటే తినొచ్చు కదా అని. పుస్తకాల తెలుగులో 'తినరాదు' అంటే తినకూడదు కాబట్టి మీ నాన్న చెవికి అది నిషేధంలా తగిలింది. కోస్తాలో పాతతరం వాళ్లు 'చెప్పరాదూ' అని చివర సాగదీస్తారు చూడండి, ఇదీ అదే. ఇక్కడ ఆ సాగతీత ఉండదు, 'దు' దగ్గర మాట ఆగిపోతుంది. ఎదురుగా కూర్చుని అంటే ముఖం చూసి అర్థమయ్యేది. ఫోన్లో ఆ వీలు లేదు. ఈ ముక్క ఇవాళే నాన్నకు చెప్పండి, ఆయనే నవ్వుకుంటారు.

ఇక 'నువ్వు' గురించి. మర్యాద రెండు వైపులా ఉంది, దాన్ని మాటలో ఎక్కడ పెడతారన్న దగ్గరే తేడా. మీ వైపు అది మాట చివర ఉంటుంది: 'అండి', 'గారు', 'వచ్చారు'. ఇక్కడ వరసలో ఉంటుంది. 'బావా' అని పిలవడమే గౌరవం. ఆ పిలుపు పెట్టాక పక్కన 'నువ్వు' ఉన్నా పట్టింపు లేదు. మీ నాన్నకు 'నువ్వు' ఒక్కటే వినపడింది, మీ మామగారు ఇచ్చింది 'బావా'. ఆ పిలుపు తీసేసి ఉత్త 'నువ్వు కూసో' అని ఉంటే నల్లగొండలో కూడా తప్పే, వియ్యంకుడితో ఎవరూ అలా అనరు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మీ ఉత్తరంలో సగం ముడులు విడిపోతాయి.

'మీ అమ్మ ఒచ్చింది' కూడా అంతే. ఇక్కడి మాటలో ఆడవాళ్లకు మామూలుగా 'ఒచ్చింది'నే వాడతారు, డాక్టరమ్మ ఒచ్చింది, కలెక్టర్ మేడం ఒచ్చింది. మగవాళ్ల విషయంలో 'ఆయన ఒచ్చిండు' అంటారు. మీకు 'ఆయన' తర్వాత 'వచ్చారు' రాకపోతే ఏదో వెలితి. వీళ్లకు 'వాడు' అనకుండా 'ఆయన' అనడంతోనే గౌరవం చెల్లిపోయింది. ఇంకా పెద్దవాళ్లయితే 'ఒచ్చిండ్రు'. 'ఇంట్లకు పో' అంటే లోపలికి వెళ్లమనే, వెళ్లగొట్టడం కాదు. ఇక 'జర' అన్న చిన్న మాటను గమనించండి. ఉర్దూ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. 'జర నీళ్లియ్యి బిడ్డా' అంటే మీ 'కొంచెం నీళ్లిస్తావా అమ్మా' మొత్తం అందులో ఉంది. ఆ 'జర', ఆ 'బిడ్డా' మీకు ఇన్నాళ్లూ వినపడి ఉండవు, 'ఇయ్యి' ఒక్కటే వినపడి ఉంటుంది.

ఇప్పుడు అవతలి నుంచి చూడండి. మీ 'అండి' మీ అత్తమ్మకు ఎలా వినపడుతోంది? ఆమెకు ఆ మాట కొత్త కాదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లొచ్చాయి. ఎడమ కాలువ నీళ్ల వెంట గుంటూరు, కృష్ణా వైపు నుంచి ఎన్నో కుటుంబాలు మిర్యాలగూడ చుట్టుపక్కల భూములు కొని స్థిరపడ్డాయి. రైసుమిల్లులో, ఎరువుల దుకాణంలో, ధాన్యం బేరంలో ఆమె 'అండి' వింటూనే ఉంది. అంటే ఆమె లెక్కలో అది వ్యవహారపు మాట, డబ్బు ఇచ్చిపుచ్చుకునే చోటి మాట. అదే మాట పొయ్యి దగ్గర కోడలి నోట ఎనిమిది నెలలుగా వింటోంది. చాయ్ కప్పు అందుకున్నప్పుడల్లా మీరు 'థాంక్యూ అత్తయ్యగారూ' అని కూడా అంటుంటే మరీ దూరం. 'బయటోళ్ల లెక్క' అని ఆమె అన్నది చాడీ కాదు, బాధ. మీరు ఏ కారణంతో బాధపడ్డారో సరిగ్గా అదే కారణంతో ఆమె కూడా బాధపడింది.

ఒక హెచ్చరిక. వాళ్ల మాటను ఎప్పుడూ సరిదిద్దకండి. 'అలా అనకూడదండీ, ఇలా అనాలి' అన్న ఒక్క వాక్యం ఈ ఇంట్లో ఏళ్లపాటు గుర్తుంటుంది. సినిమాల్లో చాలాకాలం రౌడీకి, పనివాడికి, నవ్వులపాలయ్యే పాత్రకు ఈ యాసే పెట్టారు, బడిలో ఈ మాట మాట్లాడితే పిల్లల్ని వెక్కిరించారు. తెలంగాణ రాష్ట్రం వచ్చింది 2014లో, ఆ పుండు మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. మీరు మర్యాద నేర్పుతున్నాననుకుంటారు, వాళ్లకు వినపడేది పాత వెక్కిరింపు. అలాగని మీరు వాళ్ల యాసంతా ఎత్తుకోనూ వద్దు, కింద చెప్పే నాలుగు మాటలు చాలు. రాని యాసలో 'గట్లనా, గిట్లనా' అంటే అభిమానంలా కాదు, అనుకరణలా ఉంటుంది.

మరి అన్నీ పద్ధతేనా, అవమానం అన్నదే లేదా అంటే ఉంటుంది, దాన్ని గుర్తుపట్టే తీరు వేరు. మీ అత్తమ్మ మీతో ఎలా మాట్లాడుతోందో సొంత కూతురితోనూ అలాగే మాట్లాడుతోందా అన్నది మొదట చూడాలి. ఇద్దరికీ 'నువ్వు', ఇద్దరికీ 'బిడ్డా' అయితే మనసులో పెట్టుకోకండి. ఆడబిడ్డకు 'బిడ్డా', మీకు మాత్రం వరసా పేరూ లేని 'ఓ పిల్లా' అయితే ఆలోచించాలి. కోపంలో ఇక్కడివాళ్లు ముందు వదిలేసేది వరసనే, కాబట్టి పిలుపు మాయమైన రోజున ఏదో జరిగిందని అర్థం. ఎప్పుడూ 'నువ్వు' అనే మనిషి ఉన్నట్టుండి 'మీరు పెద్దోళ్లు, మీకు మేం చెప్తమా' అన్నారంటే అది గౌరవం అనుకోకండి, ఎత్తిపొడుపు. ఇక 'నీయవ్వ' లాంటి మాటలు మగవాళ్లు స్నేహితుల మధ్య విచ్చలవిడిగా వాడతారు గానీ, ఇంట్లో ఆడవాళ్లను, పెద్దవాళ్లను పట్టుకుని అనడం ఇక్కడా మర్యాద కాదు. 'మా యాసే అంత' అని ఎవరైనా దానికి ముసుగేస్తే ఒప్పుకోకండి. అరవై ఏళ్ల జీతగాణ్ని పదేళ్ల పిల్లాడు 'ఏరా' అనడం కూడా యాస కాదు, కులం. అది తెనాలిలోనూ ఉంది, కాబట్టి దాన్ని ఈ ప్రాంతం ఖాతాలో వేయకండి. పుట్టింటిని తిట్టడం, కట్నం దెప్పడం, రోజూ కించపరచడం మొదలైతే అది గృహహింస నిరోధక చట్టం (2005) కిందికి వచ్చే సంగతి. మాటలతో హింసించడాన్ని కూడా ఆ చట్టం హింసగానే చూస్తుంది. మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయొచ్చు, జిల్లా కేంద్రంలో ఇలాంటి ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్లొచ్చు. మీ ఉత్తరంలో అలాంటి జాడ నాకు కనపడలేదు.

మీరు చేయాల్సింది చిన్నదే. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు రెండు రోజులు ఊరికే వినండి. మీ తోడికోడలు (ఇక్కడ యారాలు అంటారు) అత్తమ్మతో 'నువ్వు' అంటోందా, మామతో 'మీరు' అంటోందా? చాలా ఇళ్లలో అత్తమ్మకు ఒక తీరు, మామకు ఇంకో తీరు ఉంటుంది. ఆమె ఎక్కడ గీత గీసిందో మీరూ అక్కడే గీయండి. అప్పటిదాకా రెండు వైపులా చెల్లే మధ్యదారి ఒకటుంది: 'గారు', 'అండి' తీసేసి, వరస పెట్టి, క్రియ మాత్రం బహువచనంలో ఉంచడం. 'తిన్నారా అండీ అత్తయ్యగారూ' బదులు 'తిన్నరా అత్తమ్మా'. ఇందులో మీ మర్యాద ఉంది, వాళ్ల దగ్గరితనం ఉంది. ఊళ్లో అడుగుపెట్టగానే ఇదే మీ మొదటి మాట కావాలి, ఎందుకంటే ఇక్కడ 'తిన్నవా' అంటే బాగున్నావా అని అడగడమే. వాళ్లు అడిగినప్పుడు 'తిన్నానండి' అని ఊరుకోకుండా ఏం తిన్నారో కూడా చెప్పి, తిరిగి అడగండి. థాంక్యూ మానేసి 'చాయ్ మంచిగైంది' అనండి. బయల్దేరేటప్పుడు 'వెళ్తాను' కాదు, 'పోయొస్త అత్తమ్మా'. ఆమె 'పైలం బిడ్డా' అంటుంది, అంటే జాగ్రత్త అని.

కొందరు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. దగ్గరవ్వాలన్న తొందరలో మరుసటి రోజే అందరినీ 'నువ్వు' అనేయడం. వరస లేకుండా అన్న 'నువ్వు' ఎలా ఉంటుందో పైన చెప్పాను. 'అత్తమ్మా' నోటికి అలవాటు కావడానికే నాలుగైదు రాకపోకలు పడుతుంది, 'నువ్వు' దాని వెనక దానంతటదే వస్తుంది. రాకపోయినా నష్టం లేదు.

'ఏందే' మాటకొస్తే, అది ఈడు వాళ్ల మధ్య చనువు. యారాలు ఆడబిడ్డను కూడా అలాగే పిలుస్తుంటే మిమ్మల్ని తమలో కలుపుకున్నట్టే. అయినా మీకు గుచ్చుకుంటే ఓర్చుకోవాల్సిన పనిలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు నవ్వుతూ 'అక్కా, జర పేరు పెట్టి పిలువరాదు' అనండి. వాళ్ల మాటలోనే అడిగారు కాబట్టి తప్పు పట్టదు.

మీవారి 'అడ్జస్ట్ అవ్వు' సలహా కాదు, తప్పించుకోవడం. రెండు వైపుల మాటా తెలిసింది ఆయనొక్కరికే, మధ్యలో నిలబడాల్సింది కూడా ఆయనే. పండగకు ముందు వాళ్ల నాన్నతో విడిగా, ఇంకెవరూ లేనప్పుడు, ఇలా చెప్పమనండి: 'బాపు, మా మామ మొన్న రావద్దన్నవనుకున్నడు. ఆళ్ల దిక్కు మాట వేరే ఉంటది. నలుగురిల జర బావగారూ అను, సాలు.' ఇంతకుమించి ఒక్క మాట వద్దు. 'మీకు మాట్లాడటం రాదు' అన్న అర్థం ఎక్కడా ధ్వనించకూడదు. మీ పేరు అసలే రాకూడదు.

కల్లు దగ్గర మీ నాన్న నొచ్చుకోవడం సహజమే గానీ, ఆ లోటా పెట్టింది అవమానించడానికి కాదు. నల్లగొండ పల్లెల్లో తాటికల్లు, ఈతకల్లు చాలా ఇళ్లలో పండగ మర్యాద, వియ్యంకుడికి పెట్టకపోతేనే చిన్నతనం అనుకుంటారు. కొన్ని ఇళ్లలో పెద్ద వయసు ఆడవాళ్లు కూడా కాస్త పుచ్చుకుంటారు, చూసి ఉలిక్కిపడకండి. తాగనివాళ్లు తాగనవసరం లేదు. ముఖం తిప్పేయడం, 'మా ఇళ్లల్లో ఇలాంటివి ఉండవు' అనడం మాత్రం ఇంటిల్లిపాదికీ తగులుతుంది. 'నాకు పడదు బావా, మీరు కానివ్వండి, నాకు చాయ్ చాలు' అంటే వెంటనే చాయ్ వస్తుంది. మీవారు ముందుగానే చెప్పి ఉంచితే అసలు లోటాయే రాదు.

దసరా రోజు ఏం జరుగుతుందో నాన్నకు ముందే వివరించండి. మీకు సంక్రాంతి ఎలాగో ఇక్కడ దసరా అలాగ, ముందు రోజుల్లో సద్దుల బతుకమ్మ కూడా ఉంటుంది కాబట్టి అమ్మను కూడా రమ్మనండి. సాయంత్రం జమ్మిచెట్టు దగ్గరికి వెళ్లి ఆకు తెచ్చుకుంటారు. దాన్ని బంగారం అంటారు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో ఆకు పెట్టి కాళ్లు మొక్కుతారు, సమాన వయసు వాళ్లు ఆకు ఇచ్చిపుచ్చుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటారు, అంటే కౌగిలించుకోవడం. ఊళ్లో వాళ్లు ఇంటింటికీ తిరుగుతారు, ముక్కూముఖం తెలియని వాళ్లు వచ్చి మీ నాన్న చేతిలో ఆకు పెడతారు. ఆయన తీసుకుని, తన దగ్గరున్న ఆకు తిరిగివ్వాలి. అందుకు నాలుగు రెమ్మలు ఎక్కువగా జేబులో ఉంచమనండి. అలవాటు లేనివాళ్లు చేయి వెనక్కి తీసుకుంటారు, అది మాత్రం బాగోదు. మీ మామగారు ఆకు పట్టుకుని ఎదురొచ్చినప్పుడు నాన్న ఒక అడుగు ముందుకేస్తే, పాత మాటల ప్రస్తావన ఎవరూ తేనక్కర్లేదు.

మళ్లీ ఫోన్ మీరు చేయకండి, పెద్దవాళ్ల పిలుపు పెద్దవాళ్లే పిలవాలి. మీ మామగారితోనే చేయించండి. పండగకు వారం ముందు, పొద్దున పొలం పనికి పోకముందు, తీరికగా. అమ్మతో కూడా ఆయనే 'చెల్లెమ్మా, మీరు గూడ రావాలె' అంటే ఇంకా మంచిది. ఒక్కటి మాత్రం మీవారిని పక్కనే ఉండి చూసుకోమనండి: ఈసారి 'రారాదు' వద్దు, 'రాండ్రి బావా' అంటే చాలు.